దవడ వెనక సందు

మా షాపు బళేపేటలో తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున షట్టరు ఎత్తగానే ఎండ నేరుగా లోపలికి వచ్చి, కర్ర గొట్టాలకు తొడిగి పెట్టిన గాజుల మీద పడుతుంది. చిలకపచ్చ, కుంకుమ ఎరుపు, నెమలికంఠం రంగు, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎదురు గోడ మీద మెల్లగా కదులుతాయి. చుట్టూ మేడలు లేచాక ఈ ఎండ కాసేపే ఉంటోంది. ఆ కాసేపు నేను బోణీ గురించి ఆలోచించను, ఫోను ఎత్తను. గోడ మీద రంగులు చూస్తూ కాఫీ తాగుతాను. అరవై దాటిన మనిషికి ఆ మాత్రం సోమరితనం ఉండొచ్చు.

గాజులు తొడగడం చేతి పని అనుకుంటారు చాలామంది. అందులో సగం నోటి పని. గాజు ఆగేది ఒక్కచోటే, బొటనవేలి మొదట్లో ఉన్న ఎముక దగ్గర. అది దాటిందంటే ఇక మనం చేసేదేమీ లేదు, మణికట్టు దాకా దానంతట అదే జారిపోతుంది. ఆ ఎముక దాటేదాకా చెయ్యి వదులుగా ఉండాలి. వదులు చెయ్యమ్మా అంటే ఎవరూ చెయ్యరు, ఇంకా బిగిస్తారు. అందుకే మాట్లాడుతూ ఉండాలి. పెళ్ళికొడుకు పొడుగా పొట్టా, వంటవాళ్ళని దేవనహళ్ళి నుంచి పిలిపిస్తున్నారా, మీ అత్తగారు ఈమధ్య ఎవరి మీద అలిగింది, ఇలా ఏదో ఒకటి. జవాబు చెప్పడానికి ఆ మనిషి నోరు తెరిచినప్పుడు చెయ్యి తనని తాను మరిచిపోతుంది. గాజు అప్పుడు దాటుతుంది. డజను తొడిగాక ఇంకొక్కటి కొసరుగా తొడిగి పంపడం మా తాత కాలం నుంచీ ఆచారం. ఆ కొసరు గాజు ఎక్కడం చాలామందికి తెలియనే తెలియదు, నా మాటల్లో ఉంటారు.

నా మాటలంటే నాకు కొంచెం గర్వమే. ఆ గర్వం మా అక్కకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. అక్క నాకంటే బాగా పెద్దది, కాటన్‌పేటలో కొడుకు దగ్గర ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. అన్నం పెడుతూ, తల దువ్వుతూ, బడికి పంపుతూ ఆమె నాకు చేసిన ఉపదేశం ఒకటే, "సుమ్నె ఉండప్పా." ఊరుకోవయ్యా అని. ఆ కన్నడం మాట మా ఇళ్ళ తెలుగులో ఎప్పుడు కలిసిపోయిందో ఎవరికీ తెలియదు. నాకు పెళ్ళయ్యాక నా భార్య ఎదుట, పిల్లలు పుట్టాక వాళ్ళ ఎదుట కూడా అక్క అదే మాట అనేది. వాళ్ళందరికీ మహా సంతోషంగా ఉండేది.

కిందటేడు వానలు పట్టే ముందు నాకు పన్ను నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకోబెట్టి, నోరు బాగా తెరవండి అన్నాడు. నోరు తెరవమని నాతో అన్న మొదటి మనిషివి నువ్వేనయ్యా అన్నాను. ఆయన నవ్వాడు. లైటు దగ్గరికి లాగి లోపలికి చూస్తూ చూస్తూ నవ్వు ఆపేశాడు. ఒక పుల్లతో నాలుక నొక్కి, ఆ అనమని, మళ్ళీ ఆ అనమని, పన్ను సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. గొంతు లోపల కుడిపక్క గోడ ముందుకు తోసుకొచ్చి ఉందట. పైన మెడ తడిమితే ఏమీ తెలియడం లేదు. రోజూ గడ్డం గీసుకునే చోటే, నాకూ ఎప్పుడూ ఏమీ తగల్లేదు. పెద్దాసుపత్రిలో చూపించుకోండి అని పంపించాడు.

పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. దవడ ఎముక వెనక, మెడ లోతులో, నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. గొంతు ఆపరేషన్లు చేసే సర్జన్ నెమ్మదిగల మనిషి. ఆ చోట గడ్డ అంటే అది లాలాజలం గ్రంథిలో పుట్టిందైనా కావచ్చు, నరం మీద పుట్టిందైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు, స్కాన్ చూసి గట్టిగా చెప్పలేం అన్నాడు. చెడ్డదైతే పెద్ద ఆపరేషన్ అవుతుంది, దవడ కోయాల్సి రావచ్చు. మాట పలికించే నరం కూడా ఆ సందులోంచే పోతుంది కాబట్టి, ఏ ఆపరేషన్ చేసినా గొంతు మారవచ్చు, పోవచ్చు. ముందు సూదితో ముక్క తీసి అదేమిటో తెలుసుకుందాం, తర్వాతే కత్తి సంగతి అన్నాడు. ఆయన చాలా విషయాలు చెప్పాడు. నా చెవిలో నిలిచింది మాత్రం గొంతు పోవచ్చు అన్నదే.

ఎందుకంటే గొంతు పోయిన మనిషిని నేను మా షాపులోనే చూశాను.

నేను షాపులో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో మా నాయన మెడలో ఒక గడ్డ లేచింది. ఆ రోజుల్లో అదేమిటో చూడటానికి కూడా కోసే చూశారు. చెడ్డది కాదని తేలింది. ఇంట్లో పాయసం కూడా వండారు. కానీ ఆ కోతతో నాయన గొంతు పోయింది, గుసగుస లాంటి గాలి ఒక్కటి మిగిలింది. నాకంటే గొప్ప మాటకారి నాయన. ఆయన చేతుల్లో పనితనం ఎక్కడికీ పోలేదు, అయినా గాజులు చిట్లడం మొదలైంది. ఆడవాళ్ళు ఆయన ఎదుట కూర్చుని చెయ్యి బిగబట్టేవాళ్ళు. కొన్నాళ్ళు చూసి, ఆయనే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. అక్కడ కూర్చుని రంగుల వారీగా గాజులు ఏరి దారానికి గుచ్చేవాడు. ముందు నేను మాట్లాడుతుంటే వెనక నుంచి గాజుల చప్పుడు వినిపించేది. నాయన నా మాటలు వింటున్నాడని తెలిసేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే సూది అనగానే అక్క ససేమిరా అంది. ఆసుపత్రి కాగితాలు చూడనన్నా చూడలేదు. కాటన్‌పేట ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది.

"నాయనకి గెలికినారు, గొంతు పాయ. నీకేమి నొప్పుండాదా, మంటుండాదా? ఉండేది ఆడ ఉండనీ. పండుకోనుండేదాన్ని సూదేసి ఎందుకప్పా లేపేది?"

ఇది అక్క ఒక్కదాని మాట కాదు. మా వాళ్ళలో ఎవరికి గడ్డ లేచినా ఇదే మాట. సూది తగిలితే రేగుతుంది, ఒళ్ళంతా పాకుతుంది అంటారు. ఆ మాట నేనూ ఎంతమందికో చెప్పి ఉంటాను. ఇప్పుడు నా మెడకే వచ్చేసరికి ఎటూ తోచలేదు. నా భార్య మాత్రం, పోయి చూపించుకుని రా, షాపు నేను చూసుకుంటాను అని ఊరుకుంది. ఆమెది ఎప్పుడూ ఒక్క మాటే, కావాలంటే మనం దాని చుట్టూ తిరగాలి.

సూది వేసే డాక్టరు వేరే, స్కాన్లు చూసే డాక్టరమ్మ. వరంగల్ వైపు పిల్ల, మా చిన్నమ్మాయి వయసుంటుంది. నన్ను తెర ముందు కూర్చోబెట్టి నా మెడను అడ్డంగా కోసినట్టు ఉన్న బొమ్మలు చూపించింది. ఇది దవడ, ఇది వెన్ను, ఇదిగో మెదడుకు రక్తం పోయే పెద్ద నాళం, గడ్డ దాన్ని పక్కకు తోసింది చూడండి అంది. గడ్డ రక్తనాళాల ముద్ద కాదని మందెక్కించి తీసిన స్కాన్‌లో ముందే చూశారట, అదైతే సూది వెయ్యకూడదట. చెంప ఎముక కింద, చెవికి కాస్త ముందు, రెండు ఎముకల మధ్య ఒక సందు ఉంది. సూది ఆ సందులోంచి పోవాలి. కొంచెం దింపి స్కాన్ తీసి చూడటం, మళ్ళీ కొంచెం దింపి మళ్ళీ చూడటం, అంతే అంకుల్ అంది.

నేను ఆ బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాను. లారీ రాలేని మా సందుల్లో సరుకు తోపుడుబండి మీద వస్తుంది. ఒక పక్క గోడ, ఒక పక్క కరెంటు పెట్టె, మధ్యలోంచి బండివాడు కొంచెం తోసి, ఆగి, చూసి, మళ్ళీ తోస్తాడు. నా దవడ వెనక కూడా ఒక బళేపేట ఉందన్నమాట అనుకున్నాను. ఎందుకో భయం కొంచెం తగ్గింది.

అక్క భయం కూడా ఆమెకు చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. బయట ఒక సూది దారిలా ఉండిపోతుంది, లోపలి సూది అందులోంచే వెళ్ళి వస్తుంది, కాబట్టి దారిలో ఇంకేదీ దానికి తగలదు అంది. పాకడం అనేది ఎక్కడో అరుదుగా తప్ప జరగదు, అదేమిటో తెలియకుండా ఉండటమే ఎక్కువ ప్రమాదం అంది. ఆ రోజు తిరిగొచ్చి అక్కతో నేను అన్న మాట ఒకటే.

"నాయనకి ఏముండాదో తెలీకనే కోసినారు కదక్కా. ఇది కొయ్యకుండా తెలుసుకునేకి."

సూది రోజు అక్క ఆసుపత్రికి నాతో వచ్చింది, గొడుగు పట్టుకుని, దానితోనే డాక్టర్లను కొట్టేలా మొహం పెట్టుకుని.

మొదటిసారి సంగతి చెబితే ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు. స్కాన్ గదిలో చల్లగా ఉంది. తల ఎడమకు తిప్పి, కదలకుండా నుదుటి మీద పట్టీ వేశారు. చెంపకు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. చేతిలోకి ఏదో మందెక్కించారు, నిద్ర కాదు, మగత. మింగొద్దు, దగ్గొద్దు, అన్నిటికంటే ముఖ్యం మాట్లాడొద్దు అంకుల్ అంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద ఉన్న అక్కకు ఈ మాట వినిపించి ఉంటే బాగుండును అనుకున్నాను. బల్ల నన్ను గుండ్రటి పెద్ద చక్రంలోకి తీసుకుపోయింది, మళ్ళీ వెనక్కి తెచ్చింది. డాక్టరమ్మ వస్తుంది, చెంప దగ్గర ఏదో చేస్తుంది, అద్దం తలుపు వెనక్కి వెళుతుంది. బల్ల పోతుంది, వస్తుంది. తిప్పి ఉన్న నా కళ్ళ ఎదుట గోడ మీద ఎర్రటి గీత లాంటి వెలుగు ఒకటి పడుతూ పోతూ ఉంది.

ఆ వెలుగు చూస్తూ చూస్తూ నేను షాపులో ఉన్నాను. పొద్దుటి ఎండ వచ్చింది. గోడ మీద రంగులు కదులుతున్నాయి. ఎదుట ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు, మొహాలు కనిపించడం లేదు, చేతులు మాత్రం ముందుకు చాచి ఉన్నాయి. పసుపు రాసిన చేతులు, గోరింటాకు చేతులు, పిండి అంటుకున్న చేతులు. ఒక్కొక్క చేతినీ పట్టుకుని నేను ఏదో అడుగుతున్నాను, అవి జవాబు చెబుతున్నాయి. నాకు ఎంతో హాయిగా ఉంది. ఇంతలో ఒక చెయ్యి నా దవడ మీదికి వచ్చింది. చల్లగా, పల్చటి తొడుగుతో ఉంది. చిన్న చెయ్యి, మెత్తటి చెయ్యి, కానీ బిగుసుకుపోయి ఉంది. వేళ్ళ కణుపులు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. ఎవరో పెళ్ళికూతురు, మొదటిసారి పచ్చగాజులు వేసుకుంటోంది, భయపడుతోంది అనుకున్నాను. నా నోరు నన్ను అడగలేదు.

"చెయ్యి వదులు చెయ్యమ్మా. ఎముక దాటితే అదే పోతుంది."

గది మొత్తం ఆగిపోయింది. నా దవడ కదిలింది, దవడతో పాటు సూదీ కదిలింది. కన్నడంలో ఎవరో నర్సు, ఏమైంది ఏమైంది అంది. డాక్టరమ్మ సూది కొంచెం వెనక్కి తీసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ప్లీజ్ అంకుల్, మాట్లాడకండి అంది. మళ్ళీ మొదటి నుంచీ స్కాన్, మళ్ళీ కొంచెం కొంచెంగా దింపడం. ఈసారి నేను పళ్ళు బిగపట్టి పడుకున్నాను.

అంతా అయ్యాక, నన్ను పక్క గదిలో పడుకోబెట్టినప్పుడు ఆమె వచ్చి మంచం పక్కన నిలబడింది. నా చెయ్యి బిగుసుకుందని మీకెలా తెలిసింది అని అడిగింది. గాజుల సంగతి చెప్పాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. మణికట్టు బోసిగా ఉంది, ఆ ఉద్యోగంలో గాజులు వేసుకోకూడదట. మీకు గొంతు పోతే కష్టమే అంకుల్ అంది. ఆ మాట అంత మామూలుగా, అంత నిజంగా ఇంకెవరూ నాతో అనలేదు.

రిపోర్టు వచ్చింది. చాలదన్నారు. సన్న సూదికి వచ్చినది ఏమీ తేల్చి చెప్పడానికి చాలదు, ఈసారి కొంచెం లావు సూదితో దారప్పోగు లాంటి ముక్క తియ్యాలి అన్నారు. నేను మాట్లాడటం వల్లే అలా అయిందని నా మనసుకు తట్టింది. అక్కకైతే అనుమానమే లేదు. ఆడ కూడా నోరు మూసుకోనుండేకి కాలేదా అంది. ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువ ఉంది, అది నాకు తెలుసు. ఒకసారి గెలికిందే ఎక్కువ, రెండోసారి కూడానా అని ఆమె గుబులు.

ఆ మధ్య రోజుల్లో నేను నా గొంతు వినడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. పొద్దున ఎవరూ లేనప్పుడు షాపులో నిలబడి, రండమ్మా రండి, ఏం రంగు చూపించమంటారు అని గోడకు చెప్పేవాణ్ణి. కొంచెం బొంగురు, చివర్లో కొంచెం సాగుతుంది, నాయన గొంతు లాగే. అది పోతే ఎలా ఉంటుందో చూద్దామని ఒకరోజు పిచ్చి పని చేశాను. ఒక పెళ్ళి వాళ్ళు వచ్చారు, పెళ్ళికూతుర్ని ఎదుట కూర్చోబెట్టారు. నేను ఒక్క మాట మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను. సైగలతో నడిపించాను. ఆ పిల్ల నా మొహం వైపు చూసి చెయ్యి బిగించింది. మొదటి గాజే ఎముక దగ్గర చిట్లింది. రక్తం రాలేదు గాని, శుభమా అని వచ్చిన తల్లి మొహం మాడిపోయింది. నా భార్య గబగబా వచ్చి ఏదో సర్దిచెప్పింది. నేను వెనక గదిలోకి వెళ్ళి నాయన కూర్చునే చోట కాసేపు కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

రెండోసారి ఆసుపత్రికి బయలుదేరే ముందు షాపుకు వెళ్ళి, చేతికి వచ్చిన పచ్చగాజు ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. స్కాన్ గదిలో డాక్టరమ్మను అడిగాను, ఇది ఎడమచేతిలో పట్టుకోవచ్చా అని. గాజే కదా, మెటల్ కాదు కదా, మెడకు దూరంగా ఉంటుంది కదా, ఓకే అంది. ఎందుకు అని అడగలేదు. బిగిస్తే చిట్లుతుంది, చిట్లకుండా చూసుకుంటే చెయ్యి వదులుగా ఉంటుంది, చెయ్యి వదులుగా ఉంటే ఒళ్ళంతా వదులుగా ఉంటుంది. ఎంతమంది చేతులకో చెప్పిన మాట, నా చేతికి చెప్పుకోవడం అదే మొదలు.

బయట అక్క నా భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వు లోపల సుమ్నె ఉండు. నేను బయట సుమ్నె ఉంటా. ఇది తేలేదాకా నేను కూడా ఒక మాట మాట్లాడను."

ఆ మాటతో ఆమె పెదాలు బిగించేసింది. అక్క కూడా ఏం తక్కువది కాదు, కాటన్‌పేట వీధి మొత్తానికి ఆమె గొంతే అలారం. ఆమె మౌనం ఎంత పెద్ద మొక్కుబడో నాకు తెలుసు.

మళ్ళీ ఆ చల్లదనం, ఆ పట్టీ, ఆ మగత. మళ్ళీ గోడ మీద ఎర్రటి వెలుగు. ఈసారి నేను షాపులో లేను. ఒక ఇరుకు సందులో నడుస్తున్నాను. రెండు పక్కలా గోడలు, తడిసిన సున్నం వాసన. ముందు నాయన నడుస్తున్నాడు. భుజం మీద, నా చిన్నప్పుడు వీధులు తిరిగి అమ్మినప్పటి గాజుల మలారం ఉంది, తాడుకు గుచ్చిన గాజుల బరువుకు ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. అడుగు వేసినప్పుడల్లా గాజులు చిన్నగా మోగుతున్నాయి. నేను పిలవాలనుకోలేదు. ఆయన తిరిగి చూడలేదు. సందు మలుపుల్లో ఆయన ఆగి, గోడకు ఒత్తుకుని, మలారాన్ని జాగ్రత్తగా తిప్పుకుని మళ్ళీ నడిచేవాడు. ఆయన ఆగితే నేను ఆగేవాణ్ణి. ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు. మాట్లాడనందుకు ఆయనకు బాధగా ఉన్నట్టు అనిపించలేదు, నాకూ అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆయన మౌనాన్ని చూసి నేను జాలిపడ్డాను గాని, అందులో ఆయనతో కలిసి కూర్చోలేదు అనుకున్నాను.

అప్పుడు గొంతులో ఎక్కడో లోపల నుంచి దగ్గు లేచింది. ఎవరో ఈకతో గీరినట్టు ఉంది. సూది గడ్డను తాకింది. దగ్గు వస్తోందని చెప్పడానికి నోరు లేదు, దగ్గితే సూది ఎటు పోతుందో తెలియదు, పక్కనే పెద్ద నాళం ఉంది. చెయ్యి బిగుసుకోబోయింది. అరచేతిలో గాజు గుండ్రంగా, సన్నగా తగిలింది. వదులు చెయ్యి, ఎముక దాటితే అదే పోతుంది అని నాలో నేనే అనుకున్నాను. వేళ్ళు వదిలాను. దగ్గు పైకి వచ్చి, గొంతు దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ దిగిపోయింది. చెవి పక్కన టక్కున చిన్న చప్పుడు వినిపించింది. ఇంకోసారి టక్కుమంది, సూది ముక్కను తెంపుకుంటోంది. డాక్టరమ్మ చెయ్యి నా దవడ మీద ఉంది. ఈసారి ఆ చెయ్యి వదులుగా ఉంది.

అయిపోయింది అంకుల్, ఇక మాట్లాడొచ్చు అంది. నాకు మాట్లాడాలనిపించలేదు. గాజు అలాగే ఉంది.

రిపోర్టు వచ్చేదాకా అక్క నిజంగానే మాట్లాడలేదు. అక్క కోడలు నాకు ఫోన్ చేసి, మామా, అత్తమ్మకు ఏం చేశారు, ఇల్లంతా బిక్కుబిక్కుమంటా ఉండాది, సైగలు చేస్తే మాకు అర్థం కాక వంటింట్లో అన్నీ తారుమారవుతా ఉండాయి అని మొరపెట్టుకుంది. నవ్వు వచ్చింది, ఆ వెంటనే గుండె బరువెక్కింది.

రిపోర్టు రోజు సర్జన్ గదిలో డాక్టరమ్మ కూడా ఉంది. అక్కను లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపి బెంచీ మీదే కూర్చుంది. చెడ్డది కాదు అన్నాడు సర్జన్. నరం పైపొరలో పుట్టిన గడ్డ, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చాలావరకు అది మాట పలికించే నరం మీద పుట్టిందే, అందుకే సూది తగలగానే దగ్గు వచ్చి ఉంటుంది. తీసెయ్యాలంటే దాదాపు ఆ నరాన్నీ గొంతునూ వదులుకున్నట్టే. ఇబ్బంది పెట్టనంత కాలం దాన్ని ముట్టుకోకుండా, ఏడాదికొకసారి స్కాన్ తీసి చూసుకుంటే చాలు అన్నాడు. ఏమిటో తెలుసుకున్నాం కాబట్టే వదిలెయ్యగలుగుతున్నాం అని కూడా అన్నాడు. నాయన గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో ఆ సన్నటి దారి ఒకటి తెలిసి ఉంటే ఆయన వెనక గదిలోకి వెళ్ళేవాడు కాదు.

వస్తుంటే డాక్టరమ్మ అంది, మొదటిసారి ముక్క చాలకపోవడం మీరు మాట్లాడినందుకు కాదు అంకుల్, ఇలాంటి గడ్డలు సన్న సూదికి సరిగా రావు అని. నన్ను ఓదార్చడానికే చెప్పింది. నాకు మాత్రం ఎందుకో కొంచెం వెలితిగా అనిపించింది, ఇన్నాళ్ళూ నా నోరు అంత పని చేసిందనుకున్నాను మరి.

బయట అక్క లేచి నిలబడింది. పెదాలు అలాగే బిగించి ఉన్నాయి. నా మొహం వైపు చూస్తోంది. చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. కళ్ళు నిండాయి. అక్క మొహం పాలిపోయింది, గొడుగు జారి కింద పడింది. అది చూసి బలవంతంగా గొంతు పెకలించుకున్నాను.

"బాగుండాది అక్కా. చెడ్డది కాదు. కొయ్యరంట. గొంతు ఉంటాది."

ఆమె నా చెంప మీద చెయ్యి పెట్టింది, కుడిపక్క, సూది పోయిన చోట. చాలాసేపు అలాగే ఉంచింది. జీవితమంతా నన్ను ఊరుకోమన్న మనిషి, అన్నాళ్ళ మౌనం తర్వాత అన్న మొదటి మాట ఇది.

"ఇంగా మాట్లాడప్పా. వింటా ఉంటా."

ఆటో ఎక్కాం. నేను మాట్లాడుతూనే ఉన్నాను. డాక్టరమ్మ చేతుల గురించి, సందులో నడిచిన నాయన గురించి, ఆయన భుజం మీది మలారం గురించి. కొంత ఏడుస్తూ, కొంత నవ్వుతూ, ఏది ముందో ఏది వెనకో లేకుండా చెప్పాను. అక్క ఒక్కసారి కూడా ఆపలేదు. నాయన ఒక పక్కకు ఒరిగి నడిచేవాడని చెబుతుంటే, అవును, ఎడమపక్కకి అంది, ఆటో బయటికి చూస్తూ. సూది రోజు నుంచీ జేబులోనే పెట్టుకు తిరుగుతున్న పచ్చగాజు ఇంకా ఉంది. తీసి చూశాను. ఆ రోజు చేతికి వచ్చింది తీసుకున్నాననుకున్నాను గాని, అది అక్క కొలత.

ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, మాట ఆపకుండానే, ఉన్న గాజుల పక్కన కొసరుగా తొడిగాను. ముసలి చెయ్యి, ఎముకలు తేలిన చెయ్యి. కాటన్‌పేటలో ఆటో దిగి, గొడుగు కోసం చెయ్యి చాచినప్పుడు గాని అక్క దాన్ని చూసుకోలేదు.